అడుగుగిన్నెలో పత్తి

"దొంగతనం చేశానని చెప్పేస్తాను," అన్నాడు సిలార్. "నాకు వేరే దారి లేదు."

పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆ మాట అనడం ఇది నాలుగోసారి. మొదటి మూడుసార్లూ ఖైరున్నీసా వినిపించుకోనట్టే ఉంది. ఇప్పుడు పొయ్యిలో పుల్ల వెనక్కి లాగి మొగుడి వైపు తిరిగింది.

"ఏం దొంగిలించానని చెప్తారు?"

"పత్తి."

"ఎంత పత్తి?"

"తొమ్మిది పొట్లాలు."

"ఆ తొమ్మిదీ కలిపితే మీ చెవుల్లో పెట్టుకోడానికి సరిపోతుంది. అది దొంగిలించారంటే నమ్మడానికి బాపయ్యగారేమన్నా చంటిపిల్లాడా?"

"నమ్మకపోతే నమ్మేదాకా చెప్తా."

నులకమంచం మీద కూచున్న మస్తాన్‌బీ నిట్టూర్చింది. సిలార్ తల్లి ఆవిడ. కళ్ళకి పొరలొచ్చి రెండేళ్ళయింది. చూపు ఆనకపోయినా, గొంతు విని కొడుకు మొహం ఎలా ఉందో చెప్పగలదు.

"ముందు తిండి తినండ్రా," అంది. "నిన్నట్నుంచీ కుండలో అన్నం కుండలోనే ఉంది."

ఎవరూ కదల్లేదు.

నిన్న సాయంత్రం జరిగింది ఇది. చిలకలూరిపేట జిన్నింగు మిల్లుకి కొత్తగా వచ్చిన మేనేజరు గురునాథం ఒక రూలు పెట్టాడు. మిల్లు కూత కూశాక గేటు దాటే ప్రతివాళ్ళ క్యారేజీ విప్పి చూడాలి. కూలివాళ్ళవే కాదు, గుమాస్తాలవి కూడా. గేటు మనిషి ఉస్మాన్ తొమ్మిదేళ్ళుగా సిలార్‌కి లేచి సలాం కొట్టినవాడు. నిన్న మేనేజరు పక్కనే నుంచుని ఉండేసరికి "ఏమనుకోవద్దు భాయ్" అంటూ విప్పాడు. పైగిన్నె ఖాళీ. మధ్యగిన్నె ఖాళీ. అడుగుగిన్నెలో కాగితం పొట్లాలు తొమ్మిది. ఒక్కోదాని మీద ఒక్కో నెంబరు, లోపల చిటికెడు పత్తి.

"ఏమిటివి మిస్టర్ సిలార్?" అన్నాడు గురునాథం.

సిలార్ చెయ్యి పొట్లాల మీదికి పోయి ఆగింది.

"రేపు పదిగంటలకి ఓనరు బాపయ్యగారు గుంటూరు నుంచి వస్తున్నారు. ఆయనకే చెప్పుకోండి."

చెప్పుకోడానికి ఏముంది, నా మొహం! దొంగనని ఒప్పుకుంటే ఉద్యోగం పోతుంది, మిల్లువాళ్ళిచ్చిన ఈ రెండు గదుల కొంపా పోతుంది. కాదంటే ఆ పొట్లాలు ఎందుకు మోసుకెళ్తున్నాడో చెప్పాలి. అది చెప్తే ఇవి రెండూ పోవడమే కాక, మనిషి దగ్గర మిగిలిన ఆ కాస్త పేరు కూడా పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అదన్నమాట.

సిలార్ మిల్లులో పత్తి రకం తేల్చే మనిషి. రైతు బండి రాగానే చిటికెడు పత్తి తీసి, రెండు చేతుల బొటనవేళ్ళకీ చూపుడువేళ్ళకీ మధ్య పట్టి లాగి, కలిపి, మళ్ళీ లాగి, పింజ ఎంత పొడుగో, ఎంత మెత్తనో, తేమ ఉందో లేదో చెప్పాలి. అతను ఏ రకమంటే రైతుకి ఆ ధర. ఈ పనికి తక్కెడ లేదు, కొలబద్ద లేదు. ఉన్నదల్లా వేళ్ళే.

ఆ వేళ్ళలో ఒకటి చచ్చిపోయి పన్నెండేళ్ళయింది. కుడిచేతి చూపుడువేలు.

అందుకని సిలార్ ఏ రైతుకీ వచ్చిన రోజున రకం చెప్పడు. లాగినట్టు లాగి, తల పంకించి, "రేపు రండి, చెప్తాను" అంటాడు. సాయంత్రం పొట్లాలు కట్టి ఇంటికి తెస్తాడు. ఖైరున్నీసా పొయ్యి మీద ఎసరు పెట్టి, అన్నం ఉడికేలోగా అన్నీ లాగి చూసి చెప్పేస్తుంది. ఆమె సత్తెనపల్లిలో దూదేకే అలీ సాహెబ్ కూతురు. నడక రాకముందే దూదిలో పొర్లిన పిల్ల. సిలార్‌దీ దూదేకే ఇల్లే. కాబట్టి అతని చేతిని ఎవరూ అనుమానించలేదు. "ఇండియాకి క్రికెట్టు టెస్టు ఆడినవాడు, తొందరపడడు, నిదానంగా ఆలోచించి చెప్తాడు" అని రైతులు మెచ్చుకునేవాళ్ళు కూడా.

"నేనొచ్చి చెప్తాను," అంది ఖైరున్నీసా. "రకం చూసేది నేనేనని చెప్తాను. అందులో తప్పేముంది? ఒక్క రైతన్నా మోసపోయాడా? ఒక్క బేలన్నా తిరిగొచ్చిందా?"

"నువ్వు ఆ ఆఫీసు గుమ్మం తొక్కావంటే ఊరుకోను."

"ఎందుకు?"

"దొంగంటే దొంగంటారు, నాలుగు రోజులకి మర్చిపోతారు. పెళ్ళాం వేళ్ళతో బతికాడంటే చచ్చేదాకా అంటారు."

"అది అబద్ధమా?"

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. సిలార్ చివాల్న లేచి కుడిచెయ్యి ఆమె మొహం ముందు పెట్టాడు.

"ఈ వేలు ఇట్టా ఎవరివల్ల అయిందే?"

పన్నెండేళ్ళలో అతను ఆ మాట అనడం అదే మొదలు.

మస్తాన్‌బీ చేతిలో తిరుగుతున్న తసబీ పూసలు ఆగిపోయాయి. ఖైరున్నీసా ఆ వేలి వైపు చూస్తూ ఉండిపోయింది. వేలికొస చింతబెరడులా నల్లగా, గట్టిగా ఉంది. దాన్ని చూడకుండా ఆమెకి ఒక్కరోజూ గడవలేదు.

మద్రాసు టెస్టుకి పిలుపొచ్చిన వారమది. అప్పటికి పెళ్ళయి రెండు నెలలు. బంతి తిప్పీ తిప్పీ సిలార్ వేలికొస చీలి నెత్తురు కారుతుంటే, కొత్తపెళ్ళికూతురు నల్లజీడి గింజ కాల్చి ఆ రసం చీలిక మీద పెట్టింది. ఈ నల్లరేగడి ఊళ్ళలో కాళ్ళ పగుళ్ళకి అందరూ చేసేదే. మడమకి పెట్టేది వేలికొసకి పెట్టకూడదని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. చీలిక మూసుకుంది. నొప్పి పోయింది. నొప్పితో పాటు స్పర్శ కూడా పోయింది. మద్రాసులో నలభై ఓవర్లు వేశాడు. బంతి మీది కుట్టు ఎక్కడుందో వేలికి తెలియలేదు. ఒక్క వికెట్టు రాలేదు. తర్వాత ఇండియా జట్టు అతన్ని మళ్ళీ పిలవలేదు. ఆంధ్రా జట్టువాళ్ళు ఇంకో మూడేళ్ళు మొహమాటానికి పిలిచి వాళ్ళూ మానేశారు. అప్పుడు బాపయ్య పిలిచి ఈ ఉద్యోగమిచ్చాడు.

"నావల్లే," అంది ఖైరున్నీసా. "మొదటిరోజు పెట్టింది నేనే. రెండోరోజు బొబ్బ లేచింది, ఇంక వద్దు మొర్రో అన్నాను. మద్రాసులో ఐదురోజులు ఆగాలి, ఇంకోసారి పెట్టు అన్నదెవరు? మూడోరోజు నేను పెట్టనంటే మీరే కాల్చుకుని పెట్టుకున్నారు. అదీ నావల్లేనా?"

సిలార్ చెయ్యి దించేశాడు.

"అయినా పాపం నాదేననుకున్నాను. అందుకే తొమ్మిదేళ్ళూ నా వేళ్ళు మీకిచ్చాను. జ్వరమొచ్చిన రోజు కూడా లాగాను. పురిట్లో బిడ్డ పోయిన మూడోనాడు కూడా లాగాను. ఇంకేమన్నా అడగండి, ఇస్తాను. దొంగ పెళ్ళాం అనిపించుకోమంటే మాత్రం నావల్ల కాదు."

"చచ్చినోడి కళ్ళు చారెడంట," అంది మస్తాన్‌బీ విసుగ్గా. "ఎప్పుడో పోయిన వేలు సంగతి ఇప్పుడెందుకురా? ఉన్న వేళ్ళ సంగతి చూడు."

సిలార్ చొక్కా తొడుక్కుని, గుండీలు పెట్టుకోకుండానే బయటికి నడిచాడు.

ఖైరున్నీసా చేతులు కడుక్కుంది. కొంగు తలమీదికి లాక్కుంది.

"అత్తా, నేను వెళ్తున్నా."

"వెళ్ళు. నేనే పంపానని చెప్పు వాడికి."

*

బాపయ్య ఆఫీసు గదిలో కుర్చీ వెనక గోడకి పెద్ద ఫొటో ఉంది. ఇండియా టోపీ పెట్టుకుని, కోటు వేసుకుని, ఇరవయ్యారేళ్ళ సిలార్. కోయంబత్తూరు నుంచి వ్యాపారులొస్తే బాపయ్య ముందు ఆ ఫొటో చూపిస్తాడు, తర్వాతే పత్తి చూపిస్తాడు. "మా టెస్టు ప్లేయర్ రకం తేల్చిన సరుకండీ" అనడం ఆయనకి మహా సరదా. క్రికెట్టంటే ప్రాణం ఆయనకి. మనిషి కూడా చెడ్డవాడు కాడు. కథ పొడుగునా చూస్తున్నారుగా, ఈ మిల్లులో చెడ్డవాళ్ళంటూ ఎవరూ లేరు. ఉంటే బావుండేది.

బల్లమీద తొమ్మిది పొట్లాలూ వరసగా పెట్టి ఉన్నాయి.

"ఏంట్రా సిలారూ ఇది?" అన్నాడు బాపయ్య.

"దొంగతనం చేశానండీ."

"దేన్ని?"

"పత్తినండీ."

బాపయ్య ఒక పొట్లం విప్పి, అందులోది అరచేతిలో వేసుకుని చూశాడు. "దీన్నా? బేళ్ళకి బేళ్ళు నీ చేతి మీదుగా పోతుంటే ఈ చిటికెడా నువ్వు దొంగిలించింది? పరాచికాలాడకు. నిజం చెప్పు."

"అవి శాంపిల్స్ సార్," అన్నాడు గురునాథం. అతను కోపంగా లేడు. లెక్కల మేష్టారిలా నిదానంగా ఉన్నాడు. "ప్రతిదానికీ లాట్ నెంబరుంది. మన దగ్గరికి ఏ సరుకొచ్చిందో ఎవరో వ్యాపారికి ముందే తెలుస్తోంది. నా అనుమానం అదీ. పోలీసులకి చెప్పాల్సిన విషయం."

బాపయ్య మొహంలో రంగు మారింది. "సిలారూ, అంత పని చేశావా?"

సిలార్‌కి ఇది తోచనే లేదు. దొంగనంటే పంపించేస్తారనుకున్నాడు, అంతే. సరుకు గుట్టు అమ్ముకున్నవాడని అంటారని కల్లో కూడా అనుకోలేదు.

"చెప్పరా. ఎవరికిస్తున్నావు ఇవి?"

సిలార్ నేల చూపులు చూస్తున్నాడు.

"నిన్నేరా! ఎవరికి?"

"నాకండీ," అంది గుమ్మంలోంచి ఖైరున్నీసా.

సిలార్ వెనక్కి తిరగలేదు. ఆమె లోపలికొచ్చి గోడవార నుంచుని మొత్తం చెప్పేసింది. వేలు సంగతి, పొట్లాల సంగతి, ఎసరు మరిగేలోగా రకం తేల్చే సంగతి. జీడి గింజ మాట మాత్రం ఎత్తలేదు. "ఆటలో దెబ్బ తగిలి వేలు మొద్దుబారిందండీ" అని ఊరుకుంది.

గురునాథం నమ్మలేదు. గోడౌన్లోకి వెళ్ళి, గుప్పెడు పత్తి తెచ్చి బల్లమీద పెట్టాడు.

"ముందు మీరు చూడండి మిస్టర్ సిలార్."

సిలార్ చిటికెడు తీసుకున్నాడు. లాగాడు. కలిపాడు. మళ్ళీ లాగాడు. చేతులు అలవాటైన పని అలవాటుగా చేస్తున్నాయి. చూసేవాళ్ళకి ముచ్చటగానే ఉంది. చివరికి పత్తి రంగు చూసి, "మొదటి రకమండీ" అన్నాడు.

"ఇప్పుడు నువ్వు చూడమ్మా."

ఆమె మొగుడి చేతిలోంచి ఆ పత్తే తీసుకుంది. రెండుసార్లు లాగేసరికి ఆగిపోయింది. సిలార్ వైపు ఒకసారి చూసింది. తప్పు చెప్పేద్దామా అని ఒక్క క్షణం అనుకున్న మాట నిజం. తప్పు చెప్తే ఇద్దరూ దొంగలవుతారు. నిజం చెప్పక తప్పలేదు.

"ఇది ఒక చేనుది కాదండీ. రెండు చేలది కలిపారు. పైది పొడుగు పింజ, బానే ఉంది. లోపలిది పొట్టిది. పొద్దున్నే మంచులో ఏరినట్టున్నారు, చెమ్మ ఇంకా ఆరలేదు."

గురునాథం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నేనే కలిపాను సార్," అన్నాడు.

బాపయ్య చూపు ఫొటో వైపు పోయింది, సిలార్ వైపు వచ్చింది, మళ్ళీ ఫొటో వైపు పోయింది.

"కోయంబత్తూరువాళ్ళు మన బేలు విప్పి చూడకుండా కొంటార్రా," అన్నాడు చివరికి. "ఆ పేరు నీదనుకున్నాను."

"వెళ్ళిపోతానండీ," అన్నాడు సిలార్.

"ఎక్కడికి?"

నలభైకి దగ్గరపడిన మనిషి. బంతి తిప్పడం తప్ప ఇంకేమీ నేర్చుకోలేదు. అదీ పోయింది. ఎక్కడికని చెప్తాడు?

గురునాథమే దారి చెప్పాడు. పాపం, మంచి మనసుతోనే చెప్పాడు. "ఈవిడని రేపట్నుంచి రకం గదిలో కూచోబెడదాం సార్. ఇల్లు వాళ్ళకి అలాగే ఉంటుంది. ఉస్మాన్‌ని గోడౌన్‌కి మార్చి సిలార్‌గారిని గేటు దగ్గర వేద్దాం. క్యారేజీలు ఎలా దాటతాయో ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు?"

అతను ఎగతాళిగా అనలేదు. అయినా ఖైరున్నీసా కళ్ళు గట్టిగా మూసుకుంది.

"అయ్యగారూ," అంది. "ఆయన్ని ఈ గదిలోనే ఉండనివ్వండి. నేను చాటుగా చూసి చెప్తాను. పేరు ఆయనదే ఉండనివ్వండి."

"ఇంక చాటేముందమ్మా," అన్నాడు బాపయ్య నీరసంగా. "రేపీపాటికి మిల్లంతా తెలుస్తుంది."

వాళ్ళు గుమ్మం దాటుతుండగా ఆయన వెనకనుంచి పిలిచాడు.

"సిలారూ! ఫొటో మాత్రం తియ్యనులే. ఉండనీ."

*

ఇంటికొచ్చాక సిలార్ ఒక్కటే మాట అన్నాడు.

"రేపు ఆ గదిలో కూచున్నావంటే మళ్ళీ ఈ గడప తొక్కొద్దు."

"ఏ గడపరా?" అంది మస్తాన్‌బీ మంచం మీంచి. "ఇది మిల్లువాళ్ళ గడప. రకం చూసే మనిషికిచ్చిన గడప. ఆ మనిషి ఇప్పుడు నీ పెళ్ళామే. అది పోతే నువ్వూ నేనూ రోడ్డు మీదే. నోరు మూసుకుని కూచో."

"నువ్వు కూడానా అమ్మా?"

"నాకు కళ్ళే లేవురా. బుద్ధి కూడా లేదనుకున్నావా?"

ఖైరున్నీసా దగ్గరికొచ్చి, "వద్దంటే మానేస్తాను. మరి మనం ఏం తిందాం? అది కూడా మీరే చెప్పండి" అంది.

అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు కూత కూయకముందే ఏమీ తినకుండా గేటుకి వెళ్ళిపోయాడు.

*

సాయంత్రం కూత పడింది. జనం లైను కట్టారు. సిలార్ స్టూలు మీద కూచుని ఒక్కొక్కరి క్యారేజీ విప్పుతున్నాడు. గింజలేరే ఆడవాళ్ళు కొందరు మొహం తిప్పుకుని నవ్వుకున్నారు. కొందరు జాలిగా చూశారు. నవ్వినవాళ్ళే నయమనిపించింది అతనికి. గురునాథం నాలుగడుగుల దూరంలో నుంచుని ఉన్నాడు.

"గిన్నెలో వేలు పెట్టి చూడాలి సిలార్‌గారూ. కంటితో చూస్తే చాలదు."

"అలాగేనండీ."

పదిమంది దాటాక ఒక క్యారేజీ అతని ముందుకొచ్చింది. మూతమీద సొట్ట. తొమ్మిదేళ్ళు తను మోసిన క్యారేజీయే. అతను తలెత్తలేదు.

"విప్పండి," అన్నాడు, పరాయి ఆడదానితో అన్నట్టు.

"మీరే విప్పండి," అంది ఖైరున్నీసా.

పైగిన్నె ఖాళీ. మధ్యగిన్నె ఖాళీ. అడుగుగిన్నెలో నిండా అన్నం, పక్కన గోంగూర పచ్చడి. ముద్ద కూడా కదల్చలేదు.

"పొద్దున తినకుండా వచ్చారు," అంది ఆమె, అతనికి మాత్రమే వినపడేలా. "నేనూ తినలేదు. ఇంటికెళ్ళి కలిసి తిందాం. ఇంటికి రమ్మని ఒక్కమాట అనండి చాలు."

వెనక లైనులో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఏముంది సిలార్‌గారూ?" అన్నాడు గురునాథం.

సిలార్ గిన్నెలో వేలు పెట్టాడు. అన్నం మెత్తగా ఉందో, చద్దిబారి గట్టిపడిందో అతనికి తెలియలేదు.

"ఏమీ లేదండీ," అన్నాడు.

గిన్నెలు ఒకదానిమీద ఒకటి పేర్చి, కొక్కెం బిగించి, ఆమె చేతికిచ్చాడు. "తర్వాత?" అన్నాడు.

ఖైరున్నీసా క్యారేజీ అందుకుని గేటు దాటింది. ఎడమచేతి వైపు సందు మలుపు తిరిగితే మిల్లు ఇళ్ళు. ఆమె ఆ మలుపు దగ్గర ఆగింది. కొంగుతో మొహం తుడుచుకుంది. తిరగలేదు. తిన్నగా పెద్దరోడ్డు వైపు నడిచింది. ఆ వేళకి అక్కడ రోడ్డుపక్క ఆగే బస్సు ఒక్కటే. ఆమె పుట్టింటికి పోయే సత్తెనపల్లి బస్సు.

సిలార్ స్టూలు మీంచి సగం లేచాడు.

"లైను ఆగిపోయింది సిలార్‌గారూ," అన్నాడు గురునాథం. "ఇంకా నలభైమంది ఉన్నారు."

రోడ్డుమీద బస్సు హారన్ రెండుసార్లు మోగింది. ఎవరిదో క్యారేజీ అతని ముందుకొచ్చి ఆగింది.

సిలార్ కూచున్నాడు.

"విప్పమ్మా," అన్నాడు.